బదులు రాని పాట



నేను జీవితమంతయు పిల్లలకు అమరకోశము చెప్పిన బడిపంతులను. సింహాదివర్గమునందలి పక్షినామములను వల్లె వేయించునపుడు, పేరు నిలిచి పక్షి నశించు దినము వచ్చునని యెన్నడును తలపలేదు. అట్టి యొక పక్షి కథను నేడు మనవి చేసెదను.

పసిఫిక్ మహాసముద్రము నడుమ హవాయీ దీవులు గలవు. అందు కవాయీ యను దీవి నడినెత్తిన అలకాయీ యను అడవి యున్నది. అచ్చట ఏడాది పొడవునను వాన, నేల బురద, చెట్లు నాచు కప్పుకొని యుండును. ఆ యడవిలో ఓఓ యను పిట్ట వసించెను. జానెడు పొడవు, నల్లని మేను, తొడలపై పసుపుపచ్చని యీకలు. పువ్వుల తేనె త్రాగి, పురుగులను తిని, ముదురు చెట్ల తొఱ్ఱలలో గూడు కట్టెడిది. ఆడుది, మగది రెండును పాడెడివి.

ఆ దీవులలో పూర్వము దోమ లేదు. 1826 ప్రాంతమున నొక యోడలోని నీటితో దిగినదందురు. మన కోస్తా పల్లెలలో బోదకాలు వ్యాధిని వ్యాపింపజేయు దోమజాతియే యది. అచ్చట నది పక్షులకు మలేరియా జ్వరము నంటించెను. అంతవఱకు దోమ నెఱుగని పిట్టలకు ఆ జ్వరమును తాళు శక్తి లేదు. పల్లమునందలివి చచ్చినవి, చలిగల మిట్టలందు మాత్రమే కొన్ని మిగిలినవి. ఎలుకలు గూండ్లను దోచినవి. 1982లో పెనుతుఫాను అడవిని విఱిచివేసెను. పిమ్మట ఆడుపక్షి కనబడలేదు. ఒంటరి మగపక్షి 1985 వఱకు కనబడెను. 1987లో దాని పాట కడసారి వినబడెను. ఆ జాతి నశించినదని 2023లో అమెరికా ప్రభుత్వము నిర్ణయించెను.

ఆ పాటను యంత్రమున పట్టి యుంచిరి. నేను వింటిని. వేణువు వంటి స్వరము. పిలుచును, ఆగును, మరల పిలుచును. ఆగినచోట బదులు రావలెను. రాదు. నాకు కన్నులు చెమర్చినవి.

ఆ కొండలపై నేటికిని కొన్ని పిట్టలు ఇదే జ్వరమువలన క్షీణించుచున్నవి. వేడిమి హెచ్చినకొలది దోమలు మిట్టల కెక్కుచున్నవి. 2023లో మౌయీ దీవిలో ఒక యుపాయము మొదలు పెట్టిరి. ప్రత్యేకముగ పెంచిన మగదోమలను అడవిలో విడిచిరి. వానితో కూడిన ఆడుదోమల గ్రుడ్లు పిల్లలు కావు. మగదోమ కుట్టదు గదా! ఆ యత్నము ఫలించుగాక.

పెద్దలారా! మీ తోపులోని ముసలి చెట్టును కొట్టింపబోవునపుడు, ముందుగా దాని తొఱ్ఱలోనికి చూడుడు. మనుమలకు పిట్ట పేరు చెప్పుట చాలదు, పిట్టనే చూపవలెను. సెలవు.