చదరంగం బల్ల మీద ఇరవై అంకెలు



లెక్కలకు తెలుగు ఏం పనికి వస్తుందని పిల్లలు మమ్మల్ని ప్రతి ఏడూ అడుగుతారు. పగటి బడిలో వాళ్ళు లెక్కలు నేర్చేది మలాయిలోనో ఇంగ్లీషులోనో గనుక ఆ ప్రశ్న న్యాయమైనదే. మా తాతలు రబ్బరు తోటల్లో పాలు తూచి కూలి లెక్క చూసుకొన్నది తెలుగులోనే అంటే, అది పాత కథ అంటారు. అందుచేత ఈ రోజు ఒక సంఖ్యతో జవాబు చెప్పదలచినాము.

చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేస్తూ 64 గడులూ నింపితే మొత్తం 18446744073709551615 గింజలు. మన పద్ధతిలో చదివితే 1,84,46,744 లక్షల కోట్లు, ఆ పైన 7,370 కోట్ల 95 లక్షల 51 వేల 615. ఒక్క ఊపిరిలో చెప్పగలవారు చెప్పవచ్చును!

ఈ ఇరవై అంకెలనూ మనవాళ్ళు ఒకే ఒక తెలుగు పద్యంలో పెట్టినారు. మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లనది ఆ పద్యమని చెప్తారు. అందులో అంకెల పేర్లకు బదులు ఎక్కువగా వస్తువుల పేర్లే ఉంటాయి. చంద్రుడు ఒక్కడే గనుక 1. మన్మథుని బాణాలు 5. ఆకాశం శూన్యం గనుక 0. వేదాలు 4, బ్రహ్మ ముఖాలూ 4. దిక్కులు మోసే ఏనుగులు 8. మొదటి మాట ఒకట్ల స్థానం. అక్కడినుంచి ఎడమకు నడవాలి. ఒక మాట జారితే పద్యం నడక చెడుతుంది, చెవికి వెంటనే తెలుస్తుంది. ఇంత సంఖ్యకు ఛందస్సే కాపలా.

ఇక దాని గుణాలు. పద్యంలో మొదటి మాటకు అర్థం బాణం, అంటే చివరి అంకె 5. కనుక 5తో శేషం లేకుండా భాగింపవచ్చు. అంకెలన్నీ కూడితే 87. కనుక 3తో పోతుంది, 9తో పోదు. మిగతావి తెలియాలంటే బల్లను సగానికి మడవాలి. మొదటి 32 గడులలోని గింజలు 4294967295. బల్ల మొత్తం దానికి సరిగ్గా 4294967297 రెట్లు. ఆ సగాన్ని మళ్ళీ మడిస్తే 65535, దానికి 65537 రెట్లు. ఇలాగే మడుస్తూ పోతే 257, 17, 5, 3 వరుసగా బయటపడతాయి. 65537తో కలిపి ఈ అయిదూ ప్రధాన సంఖ్యలే.

మొదటి మడతలో వచ్చిన 4294967297 కూడా ప్రధాన సంఖ్యే అని ఫ్రాన్సు దేశపు ఫెర్మా నమ్మినాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641తో భాగించి చూపినాడు, భాగఫలం 6700417. అంటే మన చదరంగం సంఖ్యకు ప్రధాన కారణాంకాలు ఏడు, ఒక్కొక్కటి ఒక్కసారే. భాజకాలు 128. తనను విడిచి తక్కిన 127 భాజకాలనూ కూడినా ఆ సంఖ్యలో సుమారు పదింట ఏడు వంతులే వస్తాయి.

రుణ సంఖ్యలను విడిచిపెడితే, కంప్యూటరులో 64 బిట్లలో పట్టే అతి పెద్ద పూర్ణసంఖ్య కూడా ఇదే. కంప్యూటరు ఉద్యోగాలు చేసే మన పిల్లలకు ఇది పాత చుట్టమే. ఆ చుట్టానికి తెలుగు పద్యం ఉన్నదని వారికి ఎవరైనా చెప్పాలి గదా.

పండుగ తరువాత మొదటి తరగతిలో ఆ పద్యం చదివి, అంకెలు రాసి, కాగితం బల్ల మడుస్తాము. అమ్మమ్మలు, తాతలు తప్పక రావాలి. ఏనుగుకూ కొండకూ ఎన్ని పేర్లున్నాయో పిల్లలకు చెప్పవలసింది వారే. బియ్యం మేము తెస్తాము, మొదటి రెండు వరుసలకు మాత్రమే: 65535 గింజలు.