నెల నెలా నాలుగు రోజులు
(మన సంఘం మహిళా దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

బహిష్టు గురించి మాట్లాడతానన్నప్పుడు మన కార్యదర్శిగారు కాస్త తటపటాయించారు. మనుమరాళ్ళున్న తాతగార్లే ముందు వినవలసిన విషయమండీ అన్నాను. ఒప్పుకున్నారు. వారికి నా కృతజ్ఞతలు.

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు లెక్కల టీచరుగా పనిచేశాను. 1980లలో ఒక పల్లెటూరి హైస్కూల్లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ప్రతి నెలా నాలుగైదు రోజులు బడికి వచ్చేది కాదు. చురుకైన పిల్ల. "శ్రద్ధ లేకపోతే చదువు మానెయ్" అని ఒకరోజు అందరి ముందూ కోప్పడ్డాను. మరుసటి నెల నిజంగానే మానేసింది. ఇంటికి వెళితే వాళ్ళమ్మ చెప్పింది: "ముగ్గురు ఆడాళ్ళం, చింపుకోను ఉన్న పాతచీర ఒకటేనమ్మా. ఆ గుడ్డలే ఉతుక్కుని వాడుకోవాల. బళ్ళో చాటుకెళ్ళే చోటు కూడా లేదాయె." నేనూ ఆడదాన్నే, అయినా నాకు తట్టలేదు. ఆ పిల్ల మళ్ళీ బడికి రాలేదు. ఆ ఏడే పెళ్ళి చేసేశారు.

గుడ్డ వాడటం తప్పు కాదు. మన అమ్మలూ, మనమూ వాడినవాళ్ళమే. సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేస్తే భయం లేదు. సిగ్గుపడి చూరు కింద చీకట్లో ఆరవేసి, చెమ్మ పోకముందే మళ్ళీ వాడితేనే దురదలు, ఒరుపులు, ఇన్ఫెక్షన్లు. మరుగుదొడ్డి లేక, నీళ్ళు తాగకుండా బిగబట్టుకుంటే మూత్రంలో మంట. రక్తస్రావం ఎక్కువైతే రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. తిండి లోపానికి ఇది కూడా తోడవుతుంది.

మార్పు రాలేదని అనను. 15-24 ఏళ్ళవారిలో పరిశుభ్రమైన పద్ధతులు వాడేవారు 2015-16లో 58 శాతం ఉంటే, 2019-21 నాటికి 77 శాతమయ్యారు. ప్యాడ్ల మీద జి.ఎస్.టి. 2018లో తీసేశారు. 2019లో జన ఔషధి దుకాణాల్లో ప్యాడు ధర రూపాయికి తగ్గించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో 'స్వేచ్ఛ' పేరుతో ప్రభుత్వ పాఠశాలల బాలికలకు నెలకు పది చొప్పున ఇవ్వటం మొదలుపెట్టారు. అయినా ప్యాడు ఒక్కటే చాలదు. మార్చుకోవటానికి తలుపున్న గది, కుళాయిలో నీళ్ళు, పారవేయటానికి చోటు కావాలి.

మనం చేయగలిగినవి మూడున్నాయి. మన ఇంట్లో పనిచేసే అమ్మాయి ఆ రోజుల్లో రాలేకపోతే జీతం కోయకండి. దగ్గరి బడికి వెళ్ళి ఆడపిల్లల దొడ్లో నీళ్ళు వస్తున్నాయో లేదో చూడండి, రాకపోతే అర్జీ పెట్టండి. అర్జీలు రాయటం మనకు కొత్త కాదు కదా! మూడవది నా ఈడు అక్కచెల్లెళ్ళకు. ముట్లుడిగి ఏడాది దాటాక మళ్ళీ రక్తం కనబడితే, ఒక్క చుక్కయినా సరే, దాచుకోకుండా డాక్టరుకు చూపించుకోండి.

ఆ అమ్మాయి ఇప్పుడు అమ్మమ్మ అయి ఉంటుంది. కనబడితే క్షమించమని అడగాలని ఉంది. అడగలేను కనుక మీతో ఈ నాలుగు మాటలు చెప్పుకున్నాను. సెలవు.