జడకుచ్చులు కట్టడం పని కాదా?

వేసవి వచ్చిందంటే మా అమ్మ నాకు పూలజడ కుట్టేది. విచ్చని మల్లెమొగ్గల్ని ఈనెపుల్లలకు గుచ్చి, అట్టమీద పేర్చి, జడకు కుట్టేసరికి సగం రోజు గడిచేది. కదిలితే మొట్టికాయ! తర్వాత స్టూడియోలో అద్దం ముందు ఫోటో, జడ కూడా కనబడాలని. ఆ శ్రమకు ఎవరూ లెక్క కట్టలేదు.

ఆ జడ చివర వేలాడే కుచ్చుల్ని ఇవాళ ఎందరో స్త్రీలు ఇంట్లోనే పీసు రేటుకు కడుతున్నారు. నల్లదారం పాయలు చుట్టాలి, జరీ బిగించాలి, పూసలు, మువ్వలు గుచ్చాలి. "ఏం పని చేస్తారమ్మా?" అని ఒకామెను అడిగాను. "పనేం లేదండీ, ఇంట్లోనే ఉంటా" అంది, చేతిలో సూది ఆపకుండానే. నేనూ "గృహిణి" అనే రాసుకున్నాను. సోషియాలజీలో డాక్టరేటు ఉండి కూడా!

కరెంటు ఆమెది, నడుంనొప్పి ఆమెది. రేటు చెప్పేది మాత్రం సరుకిచ్చే మధ్యవర్తి. ఇలాంటి కార్మికులను వేతనం విషయంలో ఇతర కార్మికులతో సమానంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒప్పందం చేసింది. భారత ప్రభుత్వం దాన్ని ఇంతవరకు ధ్రువీకరించలేదు. సరే, ప్రభుత్వం సంగతి అలా ఉంచి, మన సర్వే పత్రాల్లో "పని చేస్తారా?" అన్న ప్రశ్న కొట్టేద్దాం. "నిన్న ఎన్ని కుచ్చులు కట్టారు, ఎంతిచ్చారు?" అని అడుగుదాం.