గడువు దాటిన తల్లులు

(వలస, స్త్రీల హక్కులు అనే అంశంపై కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల వలస అనగానే మనకి గల్ఫ్‌కి వెళ్లిన ఇంటిపనివాళ్లు గుర్తొస్తారు. రావాలి కూడా. ఈ రోజు నేను మాత్రం మనం వలసగా గుర్తించని ఒక ప్రయాణం గురించి మాట్లాడతాను. కూతుళ్లకీ కోడళ్లకీ పురుళ్లు పొయ్యడానికి అమెరికా వెళ్లే తల్లుల ప్రయాణం అది. అక్కడ వాళ్లు వండుతారు, బాలింతకి పథ్యం పెడతారు, పసిబిడ్డకి నీళ్లు పోస్తారు, రాత్రుళ్లు మేలుకుంటారు. దాన్ని పని అని ఎవరూ అనరు. "పిల్లల దగ్గరికి వెళ్లొచ్చింది" అంటారు. వీసా మీద 'సందర్శకురాలు' అని ఉంటుంది.

మా పెద్దమ్మ సంగతి చెప్తాను. కృష్ణా జిల్లా పల్లెటూరు, ఎనిమిదో తరగతి చదువు. 2014లో పదేళ్ల వీసా మీద కూతురి పురిటికి వెళ్లింది. బిడ్డ ఏడో నెలలోనే పుట్టి వారాల తరబడి ఆస్పత్రిలో ఉంది. పెద్దమ్మకిచ్చిన గడువు ఆరు నెలలు. తిరిగొచ్చేసరికి ఎనిమిది దాటాయి. గడువు సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. పాస్‌పోర్టు అల్లుడి బీరువాలో ఉంది, టిక్కెట్టు కొడుకు కొన్నాడు. "వీసా పదేళ్లుందిగా" అని అందరూ ధీమాగా ఉన్నారు.

ఇక్కడే మొదటి పొరపాటు. వీసా తలుపు దాకా వెళ్లడానికి అనుమతి మాత్రమే. లోపల ఎన్నాళ్లుండవచ్చో విమానాశ్రయంలో అధికారి నిర్ణయిస్తాడు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. 2013కి ముందు అది చిన్న కాగితంగా పాస్‌పోర్టులో కుట్టి ఇచ్చేవారు. ఆ తర్వాత విమానాల్లో వచ్చేవాళ్లకి అది కంప్యూటర్‌లోకి వెళ్లిపోయింది. కాగితం ఉన్నప్పుడు కనీసం కళ్లకి కనిపించేది. ఇప్పుడు ఎవరో ఒకరు వెతికి చెప్తేగాని పెద్దమ్మలాంటి వాళ్లకి తమ గడువేదో తెలియదు. ఇంకొన్నాళ్లు ఉండాల్సి వస్తే ఆ తేదీ లోపలే పొడిగింపుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ మాటా ఆమెకెవరూ చెప్పలేదు.

2023లో కూతురికి రొమ్ము కాన్సరని తెలిసింది. పెద్దమ్మ పాస్‌పోర్టు తీసి చూసుకుంది. వీసా 2024 దాకా ఉన్నట్టే కనిపిస్తోంది. సంచీ సర్దుకుంది. అప్పుడు నన్నడిగారు, నేను నియమాలు చదివాను. గడువు ఒక్కరోజు దాటినా ఆ వీసా రద్దయినట్టే. దాని మీద ఇంకా ఎన్నేళ్లు ముద్రించి ఉన్నా పనికి రాదు. మళ్లీ దరఖాస్తు పెట్టాలి, సాధారణంగా స్వదేశంలోనే పెట్టాలి.

గడువు దాటిన వాళ్లందరికీ ఒకటే శిక్ష కాదు. 1996లో అమెరికా చేసిన వలస చట్టం లెక్క ఇలా ఉంది. అక్రమంగా ఉన్న కాలం 180 రోజులు దాటి ఏడాది లోపు ఉండి, తనంతట తాను వెళ్లిపోతే, వెళ్లిన రోజు నుంచి మూడేళ్లు తిరిగి రాకూడదు. ఏడాది, అంతకు మించి అయితే పదేళ్లు. 180 రోజులు దాటకపోతే ఈ నిషేధం లేదు, వీసా మాత్రం పోతుంది. నిషేధంలో ఉన్నవాళ్లకి కూడా తాత్కాలిక ప్రయాణానికి మినహాయింపు అడిగే దారి ఉంది. కాన్సులేట్ అధికారి సిఫారసు చెయ్యాలి, అక్కడి సరిహద్దు శాఖ ఒప్పుకోవాలి. జరిగిన తప్పు ఎంత పెద్దది, ఆమె రావడం వల్ల ఏమైనా హాని ఉందా, ప్రయాణానికి కారణమేమిటి అన్నవి చూస్తారు. అది హక్కు కాదు, వాళ్ల విచక్షణ.

పెద్దమ్మ దాటింది డెబ్బై రోజులు. నిషేధం లేదు. కానీ దరఖాస్తు ఫారంలో ఒక ప్రశ్న ఉంది: మీరెప్పుడైనా ఇచ్చిన గడువు దాటి అమెరికాలో ఉన్నారా? ఇంట్లో పంచాయితీ దీని దగ్గరే వచ్చింది. కొడుకు "లేదని పెట్టేద్దామమ్మా, ఎప్పటి సంగతో" అన్నాడు. ఫారం నింపే ఏజెంటూ అదే అన్నాడు. డెబ్బై రోజుల ఆలస్యానికి నిషేధం లేదు. కానీ వీసా కోసం తెలిసి అబద్ధం చెప్పినట్టు తేలితే జీవితకాలపు నిషేధం పడవచ్చు. ఆమె వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ రెండూ వాళ్ల కంప్యూటర్లోనే ఉన్నాయి. ఫారం ఎవరు నింపినా కింద సంతకం, బాధ్యత పెద్దమ్మవే.

పెద్దమ్మ నన్నడిగింది: "ఏమ్మా, నేనేమన్నా దొంగతనం చేశానా, దాచుకోడానికి?"

అవునని రాశాం. ఎందుకు ఆగాల్సి వచ్చిందో నాలుగు వాక్యాల్లో రాశాం. బిడ్డ ఆస్పత్రి కాగితాలు, తిరుగు ప్రయాణపు ముద్ర ఉన్న పాత పాస్‌పోర్టు, కూతురి డాక్టరు ఉత్తరం జతచేసుకుని హైదరాబాదులో ఇంటర్వ్యూకి వెళ్లింది. నిరాకరించారు. పాత ఆలస్యం వల్ల కాదు, తిరిగొస్తుందన్న నమ్మకం కలగలేదని. సందర్శక వీసా అడిగే ప్రతి మనిషినీ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నట్టు ఆ చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది మనమే.

దేనితో రుజువు చెయ్యాలి? ఉద్యోగం, ఆస్తి, ఆదాయం. పొలం పెదనాన్న పేరున ఉండేది, ఆయన పోయాక కొడుకు పేరున మారింది. నలభై ఏళ్లు ఆ పొలంలో కలుపు తీసిన మనిషికి ఊరితో బంధముందని చూపే కాగితం ఒక్కటీ లేదు. కూతుళ్లకి ఆస్తిలో వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1986లో, దేశమంతటా 2005లో చట్టాలు సవరించాం. భర్త ఆస్తిలో వితంతువు వాటా 1956 చట్టంలోనే ఉంది. చట్టం పుస్తకంలో ఉన్న వాటా పట్టాదారు పుస్తకంలోకి రాకపోతే ఏమవుతుందో ఆ కాన్సులేట్ కిటికీ ముందు తెలిసింది.

ఈ నిరాకరణ మీద అప్పీలు లేదు. మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈలోగా కొడుకుతో మాట్లాడి రెండెకరాలు ఆమె పేరున రాయించాం. అది వీసా కోసం కాదు, న్యాయంగా ఆమెది కాబట్టి. రెండోసారి, 2024లో, వీసా ఇచ్చారు. పెద్దమ్మ వెళ్లేసరికి కూతురికి మందులు పూర్తయి, జుట్టు మళ్లీ మొలుస్తోంది. అమ్మ కావలసిన నెలలు అమ్మ లేకుండానే గడిచిపోయాయి.

మనమేం చెయ్యగలం? అమెరికా చట్టాన్ని ఇక్కడ కూర్చుని మార్చలేం. కానీ మన మహిళా సంఘాల్లో, న్యాయ సలహా కేంద్రాల్లో కొన్ని మాటలు చెప్పగలం. అమ్మ పాస్‌పోర్టు అమ్మ దగ్గరే ఉండాలి. దిగిన వారంలోనే గడువు తేదీ చూపించమని ఆమె అడగాలి. ఆగాల్సి వస్తే ఆ తేదీకి ముందే పొడిగింపుకి పెట్టుకోవాలి. ఒకవేళ దాటిపోతే రోజులు లెక్క కట్టి, కాగితాలు దాచుకుని, ఫారంలో నిజం రాయాలి. ఏజెంటు నింపినా ప్రతి ప్రశ్నా తెలుగులో చదివించుకున్నాకే సంతకం పెట్టాలి. లెక్క 180 రోజులు దాటినా, ముందెప్పుడైనా అబద్ధం రాసి ఉన్నా, ఆ చట్టం తెలిసిన న్యాయవాదిని అడగకుండా అడుగు వెయ్యకూడదు.

గడువు దాటింది తల్లి అని రికార్డులో ఉంది. ఆ గడువు దాటేలా ఆమె శ్రమ వాడుకున్న కుటుంబం పేరు ఏ రికార్డులోనూ లేదు. ఆ కుటుంబాల్లో మనమూ ఉన్నాం. మన అమ్మల పాస్‌పోర్టులు ఎవరి బీరువాలో ఉన్నాయో ఇంటికెళ్లి చూద్దాం.