వంటింటి పద్దు ఒక అమానతు

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతీ శుభాలూ కలుగుగాక!

గౌరవనీయులైన పెద్దలారా, సోదరులారా, పరదా వెనుక నుండి వింటున్న తల్లులారా, సోదరీమణులారా! అల్లాహ్‌కు భయపడుతూ జీవించమని ముందుగా నా మనసుకు, తరువాత మీకు హితవు చెబుతున్నాను.

ఈ రోజు మింబర్ మీది నుండి ఉప్పు, పప్పు, నూనె, సబ్బుల గురించి మాట్లాడబోతున్నాను. ఇది మస్జిదులో చెప్పవలసిన మాటేనా అని ఎవరికైనా అనిపించవచ్చు. అల్ ఆరాఫ్ సూరాలోని ఒక ఆయతును గుర్తు చేసుకోండి. ప్రార్థనా స్థలానికి శుభ్రంగా, అలంకరణతో రమ్మని అల్లాహ్ ఆజ్ఞాపించాడు. ఆ ఆయతులోనే తినడానికి, త్రాగడానికి అనుమతినిచ్చి, మితిమీరడాన్ని వారించాడు. మస్జిదునూ వంటింటినీ ఒకే ఆయతులో చేర్చినవాడు ఆయనే. కనుక మనం వాటిని వేరు చేయలేము.

మన బస్తీల్లో అనేక ఇళ్లకు కిరాణా కొట్టులో ఖాతా ఉంటుంది. నెల మొదట్లో జీతం చేతికి వస్తుంది. ఇరవయ్యో తేదీ నాటికి సరుకులు ఉధార్‌గా వ్రాయించుకోవడం మొదలవుతుంది. ఆ పుస్తకంలోని ప్రతి పంక్తి మన మెడ మీది అప్పు. ఒకసారి దైవప్రవక్త (సఅసం) ఎదుటికి ఒక జనాజాను తెచ్చారు. మృతునికి కొద్ది దీనార్ల అప్పు ఉన్నదనీ, అది తీర్చేందుకు అతడు ఏమీ విడిచి వెళ్లలేదనీ తెలిసింది. నమాజు మీరే చేసుకోండని వారు సహచరులతో అన్నారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు బాధ్యత తాను స్వీకరించిన తరువాతనే ముందుకు వచ్చి నమాజు చేయించారు.

ఖాతా నిండి కొట్టు యజమాని ఇక ఇవ్వలేనన్నప్పుడు కొందరు ఫోనులోని అప్పుల యాప్‌ల వైపు చేయి చాస్తున్నారు. కిలో పప్పుతో మొదలైన లోటు చివరకు వడ్డీ దాకా ఈడ్చుకుపోతున్నది. వడ్డీ విషయంలో దివ్య ఖుర్ఆన్ చేసిన హెచ్చరిక ఎంత తీవ్రమైనదో మీకు తెలుసు. కాబట్టి వంటింట్లో పొదుపు చేయడమంటే మన ధర్మాన్ని కాపాడుకోవడం కూడా.

పొదుపు ఎక్కడ ప్రారంభించాలి? పారవేస్తున్న చోట ప్రారంభించాలి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం మన దేశంలోని ఇళ్లలో తలకు ఏడాదికి సుమారు 55 కిలోల ఆహారం, తొక్కలతో సహా, చెత్తపాలవుతున్నది. ఆ లెక్కన అయిదుగురున్న ఇంటికి 275 కిలోలు. క్రిందపడిన ముద్దను సైతం శుభ్రపరచి తినమనీ, షైతానుకు వదలవద్దనీ బోధించిన ప్రవక్త (సఅసం) ఉమ్మత్‌లో ఉంటూ, దావత్ ముగిశాక బిర్యానీ ప్లేట్లు ఎలా లేస్తున్నాయో చూస్తున్నాము. రమజానులో పగలంతా ఆకలితో ఉండి కూడా, మిగతా నెలలకన్నా ఆ నెల ఖర్చు ఎందుకు పెరుగుతున్నదో ప్రతి ఇల్లూ ఆలోచించాలి.

ఒకనాడు దైవప్రవక్త (సఅసం) ఇంట్లో కూర ఏమున్నదని అడిగారు. సిర్కా తప్ప ఏమీ లేదన్నారు. వారు దానినే తెప్పించుకొని, అది ఎంత మంచి కూరో అంటూ మెచ్చుకొని తిన్నారు. బజారుకు బయలుదేరే ముందు ఇంట్లో ఏమున్నదో చూడాలనే పాఠం మనకు ఇందులో ఉన్నది. డబ్బాలు తెరిచి చూసి, లేనివి మాత్రమే కాగితం మీద వ్రాసుకొని, ఆ కాగితం దాటకుండా కొనండి. ఆకలితో ఉన్నప్పుడు సరుకులకు వెళ్లకండి. పెద్ద ప్యాకెట్టు ఎల్లవేళలా చవక కాదు. కిలోకు లేదా గ్రాముకు ఎంత పడుతున్నదో ఇప్పుడు చాలా ప్యాకెట్ల మీద ముద్రిస్తున్నారు, ఆ చిన్న అక్షరాలు చదవండి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతుబజార్లలో ధరలు బోర్డు మీద వ్రాసి ఉంటాయి. వాటిని తెలుసుకొని కూరగాయలు కొనండి.

చింతపండు, ఎండుమిర్చి, పసుపు కొత్త పంట మన మార్కెట్లకు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది. అప్పుడు ఏడాదికి సరిపడా కొని, ఎండబెట్టి దాచుకోవడం మన అమ్మమ్మలు, నానమ్మలు ఎరిగిన పద్ధతే. ఇది తవక్కుల్‌కు విరుద్ధం కాదు. దైవప్రవక్త (సఅసం) తమ కుటుంబానికి ఏడాది గ్రాసాన్ని కేటాయించిన సంగతి హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించారు. యూసుఫ్ (అలైహిస్సలాం) ఈజిప్టులో ఏడేళ్ల పంటను వెన్నులలోనే ఉంచి నిలువ చేయించారు. కరువు వచ్చినప్పుడు ప్రజల ఆకలి తీరింది. ఇంటి అవసరానికి దాచుకోవడం వేరు, ధర పెరగాలని సరుకు దాచిపెట్టి జనాన్ని పీడించడం వేరు. రెండవది మన షరీఅత్‌లో పాపం.

సబ్బు, బట్టల పొడి, నీరు కూడా ఈ లెక్కలోనివే. దైవప్రవక్త (సఅసం) ఒక ముద్ నీటితో, అంటే దాదాపు ఒక దోసెడు కొలతతో, వుజూ చేసేవారు. మనమో మస్జిదు కొళాయిని పూర్తిగా తిప్పి, చేతులు కడిగే లోపలే బకెట్టు నీళ్లు వదులుతున్నాము.

సోదరులారా! ఇక ఈ ఖుత్బాలో నేను ముఖ్యంగా చెప్పదలచిన మాట వినండి. పొదుపు మన వృథాలో నుండి రావాలి. ఎదుటివారి హక్కులో నుండి రాకూడదు. కొందరు భర్తలు హోటలు చాయ్‌కీ, సిగరెట్లకూ ఖర్చు తగ్గించరు. ఇంటి ఖర్చుకు ఇచ్చే డబ్బు మాత్రం తగ్గిస్తారు. ఆ ఇంట్లో అందరూ తిన్న తరువాత తల్లి కుండలో అడుగున మిగిలినది తింటుంది. హింద్ (రజి) తన భర్త ఇంటికి చాలినంత ఇవ్వడం లేదని ఫిర్యాదు చేసినప్పుడు, తనకూ పిల్లలకూ సరిపడినంత ధర్మసమ్మతంగా తీసుకొమ్మని దైవప్రవక్త (సఅసం) అనుమతించారు. భార్యాబిడ్డల కడుపు మాడ్చి మిగిల్చిన రూపాయికి పొదుపు అనే పేరు తగదు. అది జులుం.

పెద్ద దుకాణంలో ముద్రించిన ధర మారుమాటాడక చెల్లించి, తోపుడు బండి ముసలమ్మ వద్ద ఆకుకూర కట్టకు రెండు రూపాయలు తగ్గించమని వాదించడం కూడా సరికాదు. కొనేటప్పుడు, అమ్మేటప్పుడు ఉదారంగా మెలిగేవానికి దైవప్రవక్త (సఅసం) అల్లాహ్ కారుణ్యం కోసం దుఆ చేశారు. అలాగే రేషను బియ్యం ఇంటిల్లిపాదీ తినడానికి వచ్చినది. దానిని నాలుగు రూపాయలకు వీధి వ్యాపారికి అమ్మి, కొట్టులో ఎక్కువ ధరకు బియ్యం అప్పు తేవడంలో లాభమూ లేదు, బర్కత్ కూడా లేదు. కిరాణా వ్యాపారం చేసే సోదరులకు కూడా ఒక మాట. తూకంలో తగ్గించేవారికి నాశనం తప్పదని హెచ్చరిస్తూ ఒక సూరా ప్రారంభమవుతున్నది. బీదవాని పావుకిలో పప్పును సైతం నిండుగా తూచండి.

రోజుకు 20 రూపాయల దుబారా ఆపితే ఏడాదికి 7,300 రూపాయలు మిగులుతాయి. వాటితో మొదట కొట్టు ఖాతా తీర్చండి. తరువాత పొరుగువారిని చూడండి. కూర వండేటప్పుడు నీరు కాస్త ఎక్కువ పోసి పొరుగింటికి పంపమని దైవప్రవక్త (సఅసం) హజ్రత్ అబూ జర్ర్ (రజి)కు ఉపదేశించారు. అంటే తక్కువ ఉన్న ఇంటికి కూడా ఇచ్చే దారి ఉన్నది.

ఈ రోజు నమాజు తరువాత ఇంటికి వెళ్లి, భార్యాభర్తలు కలిసి కూర్చొని, కొట్టులో ఎంత బాకీ ఉన్నదో వ్రాయండి. దాని క్రింద ఈ వారంలో ఏమేమి పారవేశారో వ్రాయండి. వచ్చే జుమా నాటికి రెండవ లెక్కలో కొంత తగ్గించి, మొదటి లెక్కలో కొంత తీర్చండి.

ఓ అల్లాహ్! మా రిజ్ఖ్‌లో బర్కత్ ప్రసాదించు. దుబారా నుండి, పిసినారితనం నుండి మమ్మల్ని కాపాడు. అప్పుల భారంతో నీ సన్నిధికి వచ్చే స్థితి మాకు రానీయకు. మా ఇళ్లలో ఆఖరున తినే తల్లులకు, మా వీధిలో ఆకలితో నిద్రించే పొరుగువారికి మా చేతుల మీదుగా అన్నం అందించు. ఆమీన్.