కాగితం గుజ్జు ఎవరి నేలది?



మీ చేతిలోని నోటు పుస్తకం ఏ నేల నుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా?

రెండు దేశాలు చూద్దాం. 1998లో యాంగ్జీ వరదల తర్వాత చైనా తన సహజ అడవుల్లో నరకడం ఆపుతూ వచ్చింది. మంచిదే. కానీ కాగితం వాడకం ఆగలేదు. 2000లో సుమారు 33 లక్షల టన్నుల గుజ్జు దిగుమతి చేసుకున్న దేశం, 2020 నాటికి 3 కోట్ల టన్నులు దాటింది. దాంట్లో పెద్ద వాటా బ్రెజిల్ జామాయిల్ తోటలది. అక్కడ ఎస్పిరిటో సాంటోలో టుపినికిం, గ్వారానీ ఆదివాసులు అలాంటి తోటల కింద పోయిన భూమి కోసం ఏళ్ల తరబడి కొట్లాడారు. 2007లో సుమారు 11 వేల హెక్టార్లు వాళ్లవేనని ప్రభుత్వం ఒప్పుకుంది.

మన దేశం దిగుమతి దాని ముందు చాలా చిన్నది. దానికి ఒక కారణం, మిల్లులు తమ ముడిసరుకు రైతులతో పెంచించుకోవాలని 1988 అటవీ విధానం చెప్పింది. అందుకే ప్రకాశంలో సుబాబుల్, ఖమ్మంలో జామాయిల్.

దిగుమతి తక్కువైతే భారం లేనట్టు కాదు. బయటి నుంచి వస్తే అక్కడి ఆదివాసి నేల, ఇక్కడే పెరిగితే మన నేల. రేపు గ్రామసభలో తోట అంటూ కాగితం ముందు పెడితే, సంతకం కన్నా ముందు అడగండి: ఈ నేల మీద హక్కు పత్రం ఎవరిది?