నోరాని టాక్సీ ఎక్కించి పంపేశారు
(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



చట్టాల గురించి, కేసుల గురించి మాట్లాడుకుంటున్న శిబిరంలో పాత హాలీవుడ్ హాస్య సినిమాల గొడవేమిటని మీకు అనిపించవచ్చు. నేను పనిచేసే కుటుంబ సలహా కేంద్రంలో తరచుగా వినపడే మాట ఒకటుంది: "సరదాకి ఒక దెబ్బ వేశానండీ, దానికే ఇంత రాద్ధాంతం చేస్తోంది." ఆ మాటలు రోజంతా విని, రాత్రిపూట కాస్త నవ్వుకుందామని 'థిన్ మాన్' సినిమాలు ఆరూ వరసగా చూశాను. అయిదో సినిమాలో ఒకచోట నా నవ్వు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పాలనే మీ ముందుకొచ్చాను.

ఇవి 1934 నుంచి 1947 వరకు ఎం.జి.ఎం. స్టూడియో తీసిన సినిమాలు. మొదటిదానికి ఆధారం డాషియెల్ హామెట్ రాసిన నవల. నిక్ చార్లెస్ ఒకప్పటి డిటెక్టివ్. భార్య నోరా బాగా ఆస్తిపరురాలు. వాళ్లకో కుక్క, దాని పేరు ఆస్టా. నిక్‌గా విలియం పావెల్, నోరాగా మిర్నా లోయ్ నటించారు. 'సన్నటి మనిషి' అంటే డిటెక్టివ్ అని చాలామంది అనుకుంటారు గానీ, నిజానికి అతను మొదటి కథలో కనపడకుండా పోయిన సైంటిస్టు. సినిమా బాగా ఆడింది కాబట్టి ఆ పేరు అలాగే నిలిచిపోయింది.

కథ నడిచే పద్ధతి పెద్దగా మారదు. హత్య జరుగుతుంది, పోలీసులు తప్పుదారి పడతారు, చివర్లో నిక్ అనుమానితులందర్నీ ఒకచోట కూర్చోబెట్టి హంతకుడెవరో తేలుస్తాడు. నిక్ కూడా మారడు. మారేది నోరా స్థానం.

మొదటి సినిమాలో ఆమె హుందాతనం చూడండి. భర్త అప్పటికే ఆరో గ్లాసులో ఉన్నాడని తెలియగానే, తన ముందు ఇంకో అయిదు వరసగా పెట్టించుకుంటుంది. తాగుడు గొప్పదని చెప్పడం లేదు. ఆమె సమానత్వాన్ని బతిమాలి అడగదు, సమానంగా కూర్చుంటుంది, అదీ నేను చెప్పేది. నిక్ ఉద్యోగం మానేసి భార్య ఆస్తి చూసుకుంటూ ఉంటాడు, ఆ డబ్బు కోసమే పెళ్లి చేసుకున్నానని తనే జోకులు వేస్తాడు. మన లెక్కలో ఇల్లరికపు అల్లుడన్న మాట. కేసు తీసుకొమ్మని ప్రోత్సహించేది నోరానే.

అయితే అదేదో స్వర్ణయుగమని భ్రమపడనక్కర్లేదు. ఆమె కూడా వస్తానంటే నిక్ ఆమెను టాక్సీ ఎక్కించి, జనరల్ గ్రాంట్ సమాధికి తీసుకెళ్లమని డ్రైవరుకి చెప్పి పంపేస్తాడు. పడకగదిలోకి తుపాకీతో ఒకడు చొరబడితే, గుండు తగలకుండా చెయ్యాలని నిక్ ఆమెను గుద్ది పడేస్తాడు. కానీ తెలివి వచ్చాక నోరా ఊరుకోదు. నన్ను పడగొట్టక్కర్లేదు, నువ్వు వాణ్ణి ఎలా పట్టుకుంటావో నేను చూడాలనుకున్నాను అని నిలదీస్తుంది. చూసే హక్కు, తెలుసుకునే హక్కు తనకుందని ఆమెకి తెలుసు. హాల్లో జనం నవ్వేది ఆమె మాటకి, ఆమె పడిపోయినందుకు కాదు.

రెండో సినిమా 1936లో వచ్చింది. చివర్లో రైల్లో నోరా పసిపిల్లకి సరిపోయే మేజోళ్లు అల్లుతూ ఉంటుంది. అవేమిటో భర్తకి వెంటనే తట్టదు. పెద్ద డిటెక్టివ్‌నని చెప్పుకుంటావే అని ఆమె దెప్పుతుంది. ఇక్కడ కూడా చివరి మాట నోరాదే. కానీ ఆ మేజోళ్లతోనే ఆమె దారి మారింది. 1939లో వచ్చిన మూడోదాంట్లో చంటిపిల్లాడున్నాడు. అయినా ఒక ఆధారం వెతుక్కుంటూ క్లబ్బుకి వెళ్లేంత చొరవ ఆమెలో ఇంకా ఉంది. 1941లో వచ్చిన నాలుగోదాంట్లో హంతకుడు తుపాకీ లాక్కుంటే నోరా వాడి మీదికి దూకుతుంది. అందులో గుళ్లు లేవని, భర్త ముందే తీసేశాడని ఆమెకి తెలియదు. ధైర్యం ఆమెది, తెలివి మాత్రం భర్తది. ఆమె సాహసాన్ని అనవసరమైన కంగారుగా మార్చేశారు.

ఇక 1945 నాటి అయిదో సినిమా. నిక్ పుట్టి పెరిగిన ఊరు, తల్లిదండ్రుల ఇల్లు, అంటే నోరాకి అత్తవారిల్లు. భర్త పుట్టినరోజుకని ఆమె కొన్న బొమ్మే కేసుకి కీలకం అవుతుంది. ఆధారం ఆమె చేతికే వచ్చింది, కానీ ఆలోచించి పట్టుకున్నది కాదు, అనుకోకుండా దొరికింది. మడత కుర్చీ వేసుకోలేక తంటాలు పడితే అదో హాస్యం. ఒకచోట నిక్ ఆమెను చిన్నపిల్లలా ఒళ్లో బోర్లా వేసుకుని పేపరుతో కొడతాడు. ఇది కూడా నవ్వించడానికే. నా నవ్వు ఆగింది ఇక్కడే. పదకొండేళ్ల కిందట గుద్దు తిన్నప్పుడు ఆమె లేచి ప్రశ్నించింది. ఇక్కడ ఆమెను నవ్వులపాలు చెయ్యడమే జోకు.

1947లో ఆరోది వచ్చేసరికి కొడుకు పెద్దవాడయ్యాడు. సిరీస్ దానితో ఆగిపోయింది.

ఇలా ఎందుకు జరిగింది? మొదటి మూడు సినిమాలకీ స్క్రిప్టు రాసింది ఫ్రాన్సిస్ గుడ్రిచ్, ఆల్బర్ట్ హాకెట్ అనే దంపతులు. ఇద్దరూ సమానంగా కూర్చుని రాసేవాళ్లు. తర్వాతి మూడింటికి రచయితలుగా మగవాళ్ల పేర్లే కనపడతాయి. ఆడది ఒకతె రాయగానే అన్నీ సరిపోతాయని నేననను, మొదటిదాంట్లోనూ గుద్దు ఉంది కదా. కానీ గుద్దు తిన్న మనిషికి నోరు ఉండాలని ఆ బల్ల దగ్గర ఎవరికో తోచింది. బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారన్నది మన సంఘాల్లోనూ ముఖ్యమే.

తెర బయటి కథ కూడా మనకి కావాలి. లోయ్‌కి "ఆదర్శ భార్య" అనే బిరుదు తగిలించారు. ఆవిడ నాలుగుసార్లు పెళ్లి చేసుకుని నాలుగుసార్లు విడాకులు తీసుకుంది. సరిసమానంగా నటిస్తున్నా పావెల్‌కి తనకంటే రెట్టింపు జీతం ఇస్తున్నారని తెలిసి, 1935లో స్టూడియో వదిలేసి యూరప్ వెళ్లిపోయింది. స్టూడియోయే దిగివచ్చి జీతం పెంచింది. యుద్ధకాలంలో సినిమాలు పక్కన పెట్టి రెడ్‌క్రాస్‌లో పనిచేసింది. తెర మీద నోరా చిన్నబోతున్న కాలంలోనే, బయట మిర్నా లోయ్ ఎదుగుతూ పోయింది.

నోరా కూడా అందరు స్త్రీలకీ ప్రతినిధి కాదు. నాలుగో సినిమాలో ఆ ఇంటి పనిమనిషి స్టెల్లాగా నటించిన లూయిజ్ బీవర్స్ ప్రతిభ ఉన్న నల్లజాతి నటి. హాలీవుడ్ ఆమెకి ఇచ్చినవి ఎక్కువగా పనిమనిషి వేషాలే. నల్లవాళ్లకి ఎప్పుడూ నౌకరు పాత్రలేనా అని ఆ రోజుల్లోనే స్టూడియోని అడిగిన వాళ్లలో లోయ్ ఒకరు. నోరా తీరిక వెనక స్టెల్లా చాకిరీ ఉందని మనం మరచిపోకూడదు.

చివరిగా మన పనికి వస్తాను. హక్కుని ఎప్పుడూ బలవంతంగానే లాక్కోరు. ఒక్కో నవ్వుతో ఒక్కో అంగుళం జరుపుతారు. అందుకే 2005 గృహహింస చట్టం మాటలతో, మనసుని బాధపెట్టి చేసే హింసలో ఎగతాళిని, అవమానించడాన్ని కూడా చేర్చింది. "సరదాకి" అనే మాట చట్టం ముందు సాకు కాదు. ఆ సెక్షన్ మనలో ఎంతమందిమి కేసు రాసేటప్పుడు వాడుతున్నాం? దెబ్బల గుర్తులు లేవని ఎంతమందిని వెనక్కి పంపేశాం? అలా పంపినవాళ్లలో నేనూ ఉన్నాను.

మీ దగ్గరికి వచ్చిన మనిషిని "ఎక్కడ కొట్టాడు?" అని అడిగాక ఇంకో ప్రశ్న కూడా అడగండి: "అప్పుడు ఎవరు నవ్వారు?" ఆమె చెప్పేదంతా రాసుకోండి. ఆమెను మనం కూడా టాక్సీ ఎక్కించి పంపేయొద్దు.